జిగురెక్కిన టేపు

జూలై 12, శనివారం. పగలంతా చలిగాలి, సన్నని జల్లు. చూరు గొట్టాల్లో ఆకులు తీశాను.

మా బేస్‌బాల్ క్లబ్బు పాత రేడియో టేపులన్నీ ఇన్నేళ్లూ నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఛాంపియన్‌షిప్ ఫైనల్ టేపును మాత్రం సెక్రటరీ నాకివ్వకుండా, మొన్ననే క్లబ్బులో చేరిన ప్రసాద్ చేతిలో పెట్టాడు. అతను మాటకారి. నేను నోరు తెరిచి అడగలేదు. కడుపు మండిపోయింది.

సాయంత్రం ప్రసాదే ఫోన్ చేశాడు. "అన్నా, టేప్ మెషీన్‌కి అతుక్కుని కీచుమంటోంది. రేపు అందరికీ ప్లే చేస్తానని చెప్పేశా. ఇంకోసారి ట్రై చేయనా?"

పాత టేపు తేమ పీల్చి జిగురెక్కింది. ఇంకోసారి తిప్పితే మాటలు నిలిచిన పైపూతే ఊడిపోతుంది. ఆ కామెంటరీ ఇక ఎవరికీ దక్కదు. ముందు సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. అది తెలిసీ "చూసి చెప్తా" అని పెట్టేశాను. తిప్పనీ, అందరి ముందూ తెల్లముఖం వేయనీ అనుకున్నాను.

"ఏంటండీ, లాటరీ తగిలినట్టు నవ్వుతున్నారు?" అంది మా ఆవిడ రమ.

నవ్వుతున్నానని నాకే తెలియదు. సిగ్గేసి మళ్ళీ ఫోన్ చేశాను. "తిప్పకు. ఇటు పట్రా. మా ఇంట్లో వడియాలు ఎండబెట్టే మెషీన్ ఉంది, రాత్రంతా అందులో పెడదాం."

"సూపర్ అన్నా! రేపు మీ పేరు కూడా చెప్తా."

కూడా అట.

రమ ట్రేల్లోంచి వడియాలు దులుపుతోంది. బయట కారు ఆగింది, వెళ్ళి తలుపు తీయాలి.