మూడో పాటలో ఆవిడ

బాబాయికి,

స్టూడియోలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన నీ అన్న కూతురు నమస్కరించి రాసేది. ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరమే గతి.

మూడో పాట నాలుగోసారి తిప్పి పంపావు. నీ కుడి చెవి కూడా ఈ ఏడాది దాటి పనిచెయ్యదని డాక్టరు చెప్పిన రోజున మాటిచ్చాను, అది ఉండగానే నీ పాత సింథసైజర్ పాటలు ఆరూ మళ్లీ వినిపిస్తానని. ఆ కరెంటు వాయిద్యం ఎప్పుడో మూగబోయింది. టేపు తిప్పితే గోధుమరంగు పొడి రాలుతోంది. అందుకే ప్రతి స్వరం కంప్యూటర్లో కొత్తగా కట్టుకొస్తున్నాను. ఐదు అయ్యాయి. ఈ మూడోది నా ప్రాణం తీస్తోంది. "చచ్చిపడుంది" అని ఒక్క ముక్క రాస్తే నేనేం చెయ్యను?

ఇట్లు,
అలిసిపోయిన అమ్మాయి

తా.క. శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కొలిచి చూశాను.

---

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. శ్రుతి తప్పకపోవడమే తప్పు. రెండో నిమిషంలో పాట కాస్త ఒళ్లు మరిచిపోవాలి. నీది ఇస్త్రీ బట్టలేసుకుని ఫొటోకి నిలబడినట్టుంది.

నా నోటుపుస్తకం నీ దగ్గరే ఉంది కదా. ఆ రోజుల్లో యంత్రం దేన్నీ గుర్తుపెట్టుకునేది కాదు, ఏ మర ఎంత తిప్పామో అన్నీ అందులో రాసుకునేవాణ్ణి. పదకొండో పేజీ చూడు. "మా ఆవిడ వేడెక్కాకే మొదలుపెట్టాలి. రెండో నిమిషంలో పైకి లేస్తుంది. ఎవరూ ఆపకూడదు." అంతే చెయ్యి. నాకిక ఓపిక లేదమ్మా.

ఇట్లు,
బాబాయి

తా.క. పక్కన గుండ్రంగా ఉన్నది గుర్తు కాదు, కాఫీ మరక. దాన్ని వాయించకు.

---

బాబాయికి,

పదకొండో పేజీ చదివాను. పాటలో పిన్ని ఉందని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?

మొన్న పొద్దున ఇంటికి ఫోను చేస్తే పిన్ని ఎత్తింది. "పిన్నీ, బాబాయిని కాస్త తిట్టు, రికార్డు చేసుకోవాలి" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. పదకొండు నిమిషాలు తిట్టింది. వేడెక్కేదాకా ఆగి, బాగా పైకి లేచిన ముక్క కత్తిరించి, మాటలు తెలియకుండా సాగదీసి, రెండో నిమిషం కింద పరిచాను. డిస్కు ఇందులోనే ఉంది.

ఇట్లు,
నీ మాట జవదాటని అమ్మాయి

తా.క. "తడి తువ్వాలు" అన్న మాట మాత్రం ఎంత సాగదీసినా పోవడం లేదు.

---

అమ్మాయికి,

ఆవిడంటే మీ పిన్ని కాదే తల్లీ, ఆ సింథసైజర్. నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి వాయించేవాళ్లం, ముగ్గురమూ దాన్ని "మా ఆవిడ" అనే అనేవాళ్లం. స్విచ్చి వెయ్యగానే పలికేది కాదు, అరగంట వేడెక్కాలి. వేడెక్కాక శ్రుతి దానంతటదే పైకి పాకేది. పట్టుకోబోతే అలిగి ఆగిపోయేది. మూడో పాటంటే ఆ పాకుడే.

డిస్కు ఇంకా పెట్టలేదు. పెట్టే ధైర్యమూ లేదు. ఆ తిట్లు తీసేసి మళ్లీ చెయ్యి. ఈ పేరు సంగతి మీ పిన్నికి తెలిస్తే ఈ వయసులో నేను పడలేను.

ఇట్లు,
బాబాయి

తా.క. పోస్టు చెయ్యమని మీ పిన్నికే ఇస్తున్నాను. భయం లేదు, కవరు గట్టిగా అంటించాను.

---

అమ్మాయికి,

పిన్ని రాసేది. కవరు ఆవిరి మీద పెడితే రెండు నిమిషాల్లో ఊడుతుంది. ఆయన ఉత్తరం కూడా ఇందులోనే పెట్టాను. ఆ పెట్టెని "మా ఆవిడ" అనేవారని ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ నేను దాన్ని సవతి అనుకునేదాన్ని.

అది అలా ఉంచు. మీ బాబాయి కుడి చెవి పోయి మూడు నెలలైంది. తెలిస్తే నువ్వు పని ఆపేస్తావని నన్ను చెప్పనివ్వలేదు. నువ్వు పంపినవన్నీ వినేది నేను. ఆయన స్పీకరు మీద అరచెయ్యి ఆనించి నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు. ఎక్కడ బాగాలేదో కాగితం మీద రాసి చూపిస్తాను. నాలుగుసార్లూ తిప్పి పంపించింది నేనే, తిట్టుకుంటే నన్ను తిట్టుకో.

ఆ పాట నాకు ఏనాడూ నచ్చలేదు. కానీ గోడ ఇవతల నుంచి ఎన్నేళ్లు విన్నానో, అది ఎక్కడ వణకాలో నాకు తెలుసు. ఆయనకి వినపడకపోయినా సరిగ్గా ఉండాలి. ఏడుపొస్తోంది, ఇంతటితో ఆపుతున్నాను.

ఇట్లు,
పిన్ని

తా.క. ఈ కవరు అంటించబోయే ముందు నీ డిస్కు పెట్టాను. వద్దు వద్దంటూనే చెయ్యి ఆనించారు. రెండో నిమిషంలో కళ్లు మూసుకుని, "ఇదే, ఇదే, వచ్చేసింది" అన్నారు. అవి నా తిట్లన్న సంగతే మరిచిపోయారు, నేను గుర్తుచెయ్యలేదు. నువ్వూ గుర్తుచెయ్యకు.