తనిఖీ రోజు భోజనం

అంబత్తూరు, చెన్నై
19 ఆగస్టు 1997, మంగళవారం

ప్రియమైన జయంతికి,

తాయారు శుభాకాంక్షలతో రాసేది. ఆపరేషన్ తర్వాత మీ అక్కయ్యగారికి నొప్పి తగ్గిందనీ, లేచి నాలుగడుగులు వేస్తున్నారనీ తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద. ఆ మాట ఈ ఉత్తరం చివర రాయగలనేమో చూస్తాను.

నేను ముందు రాసిన ఉత్తరాలకు నువ్వు జవాబివ్వలేదు. నా చేతిరాత చూసి దీన్ని కూడా పక్కన పెట్టేస్తావని, కవరు మీద నెల్లూరు చిరునామా మా శరణ్య చేత రాయించాను. ఇంతవరకూ చదివావు కాబట్టి చివరిదాకా చదువు.

ఆదివారం మన ఎస్టేటు యూనిట్ల సంఘం సర్వసభ్య సమావేశం ఉంది. మీ యూనిట్‌ను సభ్యత్వం నుంచి తీసేయాలన్న తీర్మానం ఆ రోజు పెడుతున్నారు. మీవారు చక్రవర్తిగారు నీకు చెప్పారో, అక్క బాధలో ఉన్నావని దాచారో తెలియదు. సంఘం ఇచ్చే పర్యావరణ పత్రం లేకపోతే బెంగుళూరు టీవీ కంపెనీ మీ సర్క్యూట్ బోర్డులు తీసుకోదు. అందరూ కలిసి కట్టబోయే నీటి శుద్ధి కేంద్రంలో మీకు చోటుండదు. ఇక యూనిట్ మూయడమే. వ్యాసర్పాడి నుంచి రైలెక్కి పనికి వచ్చే మీ ఆడపిల్లలు ఆ తర్వాత ఎక్కడికి పోతారో ఆదివారం ఎవరూ అడగరు.

మీ యూనిట్‌లో తనిఖీ జరిగిన రోజు సాయంత్రం ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "నీ చేతి అన్నం తిని మా నోట్లో మట్టి కొట్టినారు గదా వదినా" అన్నావు. నేను జవాబు చెప్పేలోపే పెట్టేశావు. అప్పుడు నీది కోపం మాట అనుకున్నాను. పోయిన శుక్రవారం నుంచి అట్లా అనుకోలేకపోతున్నాను.

ఆ శుక్రవారం సంగతి చెప్తాను. ఈసారి వరలక్ష్మీ వ్రతం, స్వాతంత్ర్య దినం ఒకే రోజు వచ్చాయి కదా. పొద్దున్నే పూజ ముగించి సంఘం ఆఫీసులో జెండా ఎగరేయడానికి వెళ్ళాం. యాభై ఏళ్ళ పండుగ అని మొక్కలు కూడా నాటారు. మీ అన్నయ్య మైకు పట్టుకుని, మన సంఘం సర్కారును కలిసి పన్నులు తగ్గించమని అడగడానికే కాదు, రేపటివాళ్ళకు నేల, నీళ్ళు మిగల్చడానికి కూడా అని మాట్లాడారు. బాగానే మాట్లాడారు. ఆ ముక్క ముందు రోజు ఇంట్లో నాకు చదివి వినిపించారు, నేనే రెండు మాటలు మార్చాను.

తర్వాత కాఫీలు తాగుతుంటే అధ్యక్షులు యతిరాజులుగారు తమ ధోరణిలో వేళాకోళం మొదలుపెట్టారు. "నేను తనిఖీకి పోయిన ప్రతి చోటా పెండ్లి సాపాటే అయ్యా. ఒక్క చక్రవర్తి యూనిట్లోనే పక్కింటి క్యారియర్ దిక్కయింది. ఆడ సాపాటూ లేదు, నీళ్ళూ బాగలేవు" అన్నారు. అందరూ నవ్వారు. మీ అన్నయ్య కూడా నవ్వారు. నేను చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

నీకు గుర్తుండే ఉంటుంది, పర్యావరణ ఉపసంఘం పెట్టినప్పుడు అందులోకి సభ్యుల భార్యల్నే వేశారు. మొక్కలు నాటడం, గుడ్డసంచులు పంచడం, ముగ్గుల పోటీ, ఇవన్నీ ఆడవాళ్ళ పనులని వాళ్ళ లెక్క. ఇంటి ఖర్చు పద్ధతిగా రాస్తానని నన్ను కార్యదర్శిని చేశారు. ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలన్న నియమం మాత్రం మీ అన్నయ్య పెట్టించినదే. యూనిట్ల పేర్లు చీటీల మీద రాసి మా ఇత్తడి చెంబులో వేసి ఉంటాయి. నేను ఒకటి తీస్తాను. మర్నాడు పొద్దున, వెళ్ళవలసిన ఇద్దరికే ఆ చీటీ ఇస్తాను. అంతవరకూ ఎవరికీ తెలియకూడదు.

నేను ఆ రహస్యం కాపాడాననే అనుకున్నాను జయంతీ. తనిఖీ అన్న మాట ఎవరి ముందూ నోరు జారలేదు. కానీ మధ్యాహ్నం పూట ఇద్దరు పెద్దమనుషులు వాకిట్లోకి వస్తే అన్నం పెట్టకుండా ఎట్లా పంపడం? పైగా యతిరాజులుగారు శనివారాలు ఉల్లి ముట్టరు, ఆయనతో తనిఖీకి వెళ్ళే గోవిందసామిగారికి షుగరు. అందుకని ముందు రోజు ఆ యూనిట్ ఇల్లాలికి ఫోన్ చేసి, రేపు ఇద్దరికి ఎక్కువ వండి యూనిట్‌కు పంపమ్మా అనేదాన్ని. అంతే. మా పుట్టిళ్ళలో నేర్పిన మర్యాద అది. నువ్వు నా స్థానంలో ఉన్నా అదే చేసేదానివి.

వాళ్ళు భర్తలకు చెప్పేవాళ్ళు. భర్తలకు అర్థమయ్యేది. మర్నాడు యూనిట్‌లో నీళ్ళు శుద్ధి చేసే తొట్టి నిండా సున్నం నీళ్ళు ఉండేవి.

నువ్వు నెల్లూరు వెళ్ళిన వారంలో చెంబులో మీ చీటీ వచ్చింది. మీ ఇంట్లో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నువ్వు లేవు కదా, పాపం చక్రవర్తిగారు ఒక్కరే ఏం చేసుకుంటారని నేనే వండి క్యారియర్ పంపాను. అది యూనిట్‌కు చేరేసరికి తనిఖీకి వెళ్ళిన యతిరాజులుగారూ మీ అన్నయ్యా కాలవ దగ్గర నిలబడి ఉన్నారట. అందరిలోకీ ముందు కబురు అందనిది మీకొక్కరికే. దొరికిందీ మీరొక్కరే.

ఈ ఆలోచన తప్పయితే బాగుండునని శనివారం మా యూనిట్‌కు వెళ్ళాను. మీ అన్నయ్య కళ్ళజోడు మరిచిపోయారు, అది ఇచ్చే నెపం దొరికింది. బోర్డు మీద రాగిని యాసిడ్‌తో కరిగించాక కడిగిన నీళ్ళు సున్నం తొట్టిలోకి పోవాలి. సున్నంతో రాగి అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్ళే బయటికి వదలాలి. తొట్టి ఎండి ఉంది. అడుగున ఎండుటాకులు ఉన్నాయి. పక్కన సున్నం బస్తా మూతి కుట్టు కూడా విప్పలేదు. దాని మీద పేపరు పరిచి, నేను రోజూ సర్ది పంపే డబ్బా పెట్టుకుని ఉన్నారు. అదే వాళ్ళ భోజనాల బల్ల.

వెనక్కి వెళ్ళి కాలవ చూశాను. సంఘం ప్రారంభోత్సవానికి మనిద్దరం ఒకే రంగు నెమలికంఠం పట్టుచీరలు కట్టుకున్నాం కదా, అచ్చంగా ఆ రంగు. ఆ నీళ్ళలో ఒకామె పసిపిల్ల గుడ్డలు జాడిస్తోంది. నీళ్ళ రంగు వైపు ఆమె చూడను కూడా లేదు. నన్ను చూసి, ఎవరింటికి వచ్చారమ్మా అని అరవంలో అడిగింది. ఏ ఇల్లు చెప్పాలో తోచక తిరిగి వచ్చేశాను.

నిన్న భోజనాల దగ్గర మీ అన్నయ్యను అడిగాను. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. సున్నం రోజూ పోస్తే బోర్డుకు లాభమేమీ మిగలదనీ, ఉమ్మడి కేంద్రం వచ్చేదాకా ఎస్టేటులో అందరూ ఇట్లాగే నెట్టుకొస్తున్నారనీ, పత్రం లేకపోతే ఆర్డర్లు పోతాయనీ వివరంగా చెప్పారు. నేను ఫోన్లు చేసిన సంగతి ఎత్తితే ఆశ్చర్యంగా చూశారు. "నువ్వు తెలిసే చేస్తా ఉండావనుకున్నా తాయారూ. తెలియనట్టు ఎంత బాగా చేస్తా ఉందో అని మెచ్చుకున్నా గూడా" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్న మాటలు తక్కువ. ఇది కూడా వాటిలో చేరింది.

మరి చక్రవర్తిగారి మీద ఎట్లా రాశారు అని అడిగాను. పట్టుబడిన తర్వాత రాయకుండా ఎట్లా ఉంటామన్నారు. ఒకరి మీద చర్య తీసుకుంటేనే బెంగుళూరువాళ్ళకు మన పత్రం మీద నమ్మకం నిలుస్తుందట.

ఒకటి ముఖం మీదే చెప్తున్నాను, నొచ్చుకోకు. మీ యూనిట్ నుంచి నీలం నీళ్ళు పోలేదని నేను అనడం లేదు. పోయాయి. పోకూడదు. కానీ అందరి కాలవలోనూ అవే నీళ్ళు పోతుంటే ఒక్క ఇంటి తలుపు మూయడాన్ని పర్యావరణం అంటే నేను ఒప్పుకోను.

ఆదివారం లేచి ఇదంతా చెప్తాను. అయితే వాళ్ళేమంటారో నాకు తెలుసు. ఆడవాళ్ళ వంటకబుర్లు సభలో ఎందుకమ్మా అంటారు. ముందు కబురు లేకుండా ఇంకొక యూనిట్‌కు వెళ్ళి చూస్తే తప్ప నా మాటకు బలం లేదు. రేపు ఇంకొక తనిఖీ ఉంది. ఎప్పటిలాగే చెంబులో చీటీ తీశాను. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆ రెండో పని ఎంత కష్టమో నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ దాకా వెళ్ళి వచ్చాను. ఇద్దరు మనుషులు మిట్టమధ్యాహ్నం పస్తుంటారే అని ప్రాణం కొట్టుకుంటోంది.

రేపు మా ఇంట్లో కూడా వంటకు సెలవు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. మీ అన్నయ్య డబ్బాలోకి పెరుగన్నం, మావిడికాయ ఊరగాయ.

వీలైతే ఆదివారానికి రా. అక్కయ్యగారిని వదిలి రాలేకపోతే నాలుగు ముక్కలు రాసి పంపు, సభలో నేను చదువుతాను. నా మీద కోపం ఉంచుకునే రా, ఫరవాలేదు. ఆ రోజు నీ పక్కన కూర్చోవడానికి మాత్రం నన్ను ఒప్పుకో.

అక్కయ్యగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ
తాయారు

తా.క. బుధవారం సాయంత్రం. ఉత్తరం నిన్న పోస్టు చేయలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. చీటీ తీశానని పైన రాశాను. తీయలేదు. చెంబు ముట్టుకోనే లేదు. మా యూనిట్ పేరు నేనే ఒక కాగితం మీద రాసి, మడిచి, పొద్దున యతిరాజులుగారికీ గోవిందసామిగారికీ ఇచ్చాను. నిన్న ఉత్తరంలో కూడా ఆ ముక్క రాసే ధైర్యం రాలేదు. యతిరాజులుగారు కాగితం విప్పి, నా ముఖం చూసి, మీ ఆయనకు తెలుసా అమ్మా అని మెల్లగా అడిగారు. ఆయన డబ్బాలో పెరుగన్నం ఉందని చెప్పాను. యతిరాజులుగారికి అర్థమైంది, గోవిందసామిగారు పక్కనే ఉన్నారు కాబట్టి వెనక్కి తిరగలేకపోయారు.

మధ్యాహ్నం మీ అన్నయ్య ఫోన్ చేశారు. "ఇద్దరు వచ్చి ఉండారు. సాపాటు సంగతి నువ్వు చెప్పనే లేదే" అన్నారు. ఈరోజు వండలేదని చెప్పాను. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. గోవిందసామి తొట్టి చూసి రాసుకుంటా ఉండాడని చెప్పారు. చివరికి, "అయితే ఆదివారం నేను ఏడ కూర్చోవాల తాయారూ?" అని అడిగారు.

చక్రవర్తిగారి పక్కన అన్నాను.

మీ అన్నయ్య ఇంకా ఇంటికి రాలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మొదట్లో వాయిదా వేసిన ఆ క్షేమం మాట మాత్రం ఇంకా రాయలేకపోతున్నాను.