ఎడమ మూత

ఫిబ్రవరి 16, సోమవారం

ప్రియమైన అక్కయ్యకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. నువ్వు, బావగారు, పిల్లది కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ కులాసాయే అని రాయాలి కదా, రాశాననుకో. నిన్ననే ఫోన్‌లో మాట్లాడుకున్నాం, ఇవాళ ఈ ఉత్తరం ఏమిటని అడుగుతావు. ఫోన్‌లో నువ్వు ఒక్కదానివే ఉండవు. పక్కన బావగారు చేరి, నా మద్దెల కంటే ఆయన స్కూటరే లయలో నడుస్తుందని ఏడిపిస్తారు. నాకు నవ్వొస్తుంది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తాను. ఉత్తరంలో అయితే నన్నెవరూ నవ్వించరు.

నా మద్దెలకి ఎడమ వైపు బిగించే కొత్త తోలు మూత తయారుచేసి ఉంచాననీ, ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే పంపుతాననీ అన్నావు. ఆ సంగతి చివర్లో రాస్తాను.

ఈ దేశపు చలికీ తేమకీ మద్దెల నాలాగే నీరుగారిపోయింది. నువ్వు అంత గట్టిగా లాగి బిగించిన వార్లు తెల్లారేసరికి వదులైపోతున్నాయి. గదిలో వాయిస్తే పక్కవాళ్ళు ఊరుకోరని ఇంటావిడ మొదటి రోజే చెప్పేసింది. అందుకే కింద అందరూ బట్టలుతుక్కునే గదిలో కూర్చుని సాధన చేస్తున్నాను. అక్కడి మెషిన్ల రొదలో నా రొద ఎవరికీ పట్టదు. బట్టలారబెట్టే మెషిన్ ముందు మద్దెలని కాసేపు ఉంచితే వేడిగాలికి కాస్త దారిలోకి వస్తుంది. మొన్న ఒకావిడ దుప్పటికి పిండి అంటిందని నన్ను నానా మాటలూ అంది. ఎడమ మూతకి తడిపిండి ముద్ద అద్దకపోతే ఆ లోతైన మోత పలకదని ఆవిడకి ఏ భాషలో చెప్పను? చీపురు తెచ్చి నేలంతా ఊడ్చి పైకి వచ్చేశాను.

ఇవన్నీ చిన్న విషయాలు. పెద్ద విషయం నీకు ఇంతవరకూ చెప్పలేదు.

నన్ను ఇక్కడికి పిలిపించిన నాట్య బృందం వాళ్ళు ఒక సీజన్ చూసి, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు కదా. వచ్చిన కొత్తలో వాళ్ళ సంగీతం చూసుకునే పెద్దమనిషి, నేను మైకాయన అంటాను, నన్నొక గదిలోకి తీసుకెళ్ళాడు. గోడల నిండా స్పాంజీ. చుట్టూ మైకులు. ఒక్క దెబ్బ కొట్టి, ఆ శబ్దం పూర్తిగా చచ్చేదాకా కదలకుండా కూర్చోమన్నాడు. తర్వాత అదే దెబ్బ మెల్లగా, ఇంకా మెల్లగా, గట్టిగా, వేలి కొసతో, అరచేత్తో. కుడి మూత అయ్యాక ఎడమ మూత. రోజుల తరబడి ఇదే పని. నాకు విసుగు రాలేదు. పైగా ఎంత మురిసిపోయానో తెలుసా? నా చేతి మోతని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాన్న, నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. చివరి రోజు మైకాయన చేతులు జోడించి దండం కూడా పెట్టాడు.

ఆ తర్వాత రిహార్సల్‌కి వెళ్తే, నేను సంచీలోంచి మద్దెల తీయకముందే మద్దెల మోగుతోంది. నాదే. నా కుడి చేయి, నా ఎడమ చేయి, నేనెప్పుడూ వాయించని జతులు వాయిస్తున్నాయి. మైకాయన ఆ గదిలో పట్టుకున్న నా దెబ్బలన్నీ ఒక పెట్టెలోకి ఎక్కించి, దాని మీటలు నొక్కుతున్నాడు. పెద్ద నర్తకి ఒక చోట ఆపమంటే అక్కడే ఆగుతోంది, మళ్ళీ మొదలుపెట్టమంటే అక్కడే అందుకుంటోంది. దానికి అలసట లేదు, తేమ లేదు, శ్రుతి దిగిపోవడం లేదు. ఆవిడ నా దగ్గరికి వచ్చి, నీతో నాట్యం చేయడం ఎంత సుఖంగా ఉందో అంది. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అంది. నాకు ఏడవాలో ఏం చేయాలో తెలియక థాంక్స్ చెప్పాను.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఖాయం చేస్తామంటున్నారు. ఏం ఉద్యోగమో విను. వేదిక మీద ఒక మూల, లైటు వెలుగులో, మంచి బట్టలు కట్టుకుని మద్దెల ముందు కూర్చోవాలి. పెట్టెలోంచి మోత వస్తుంటే చేతులు ఆడించాలి. చేయి మాత్రం మూతకి తగలకూడదు. తగిలితే రెండు మోతలు కలిసిపోతాయట. నిరుటి వరకూ ఈ బృందంలో పిల్లనగ్రోవి ఊదినాయన ఇప్పుడు అదే పని చేస్తున్నాడు. ఊపిరి బిగపట్టి ఊదినట్టు నటించడం మొదట్లో కష్టంగా ఉండేదనీ, తర్వాత అలవాటైపోయిందనీ నాతో అన్నాడు. ఆ మాట చెబుతూ ఆయన నా మొహం వైపు చూడలేదు.

రెండు మూడు రిహార్సళ్ళు అలా కూర్చున్నానక్కా. గాలిలో చేతులు ఆడించాను. వేళ్ళు వాటంతటవే కిందికి దిగిపోతుంటాయి, పట్టి ఆపుకోవాలి. ఎడమ మూతకి పిండి కూడా అద్దొద్దన్నారు, వేదిక మీద రాలుతుందట. గదికి వచ్చాక అద్దం ముందు నిలబడి నా చేతులు చూసుకుంటే నాకే అసహ్యం వేసింది. ఇందుకేనా బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పడం మానేసి, అందరితో గొడవపడి వచ్చింది?

రేపు పొద్దున వాళ్ళకి జవాబు చెప్పాలి. కాదంటే విమానం ఎక్కి వచ్చేయడమే. వచ్చేస్తే నువ్వు ఒక్క మాట కూడా అనవని తెలుసు. ఈ నెల రోజులూ నన్ను నిలబెట్టింది ఒకటే. ఆ పెట్టెలో ఎంత ఉన్నా, అసలు చేయి వేరు, అది తెలిసినవాళ్ళకి తెలుస్తుంది అనుకుంటూ వచ్చాను.

నాన్న గదిలో వాయిస్తుంటే, శిష్యులు వాయిస్తుంటే, నువ్వు పెరట్లో వార్లు లాగుతూ తల ఎత్తకుండానే ఇది ఫలానా వాళ్ళ చేయి అనేదానివి. నేనొకసారి అచ్చం నాన్నలాగే వాయించి నిన్ను బోల్తా కొట్టిద్దామనుకున్నాను. ఎడమ చేయి బద్ధకంగా ఉంది, ఇది నువ్వేనే అన్నావు గోడ అవతల నుంచి. నాన్న ఎంత నవ్వాడో. ఆ ఎడమ చేతి బద్ధకం ఈనాటికీ పోలేదు. దాన్ని తిట్టుకుంటూనే ఇంత దూరం మోసుకొచ్చాను.

పిల్లదానికి ముద్దులు. దాన్ని మద్దెల మీద కూర్చోనివ్వకు. బావగారికి నమస్కారాలు, ఆయన స్కూటర్‌కి కూడా.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ప్రతి వారంలాగే నిన్న కూడా ఫోన్‌లో వాయించి వినిపించినప్పుడు, ఈ వారం మెషిన్ల రొద లేదు, హాయిగా వినబడింది అన్నావు. ఇన్నాళ్ళకి నీ ఎడమ చేయి తెరుచుకుందే, నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అని ఏడ్చావు కూడా. నేను నిన్న కింది గదిలో లేనక్కా. రిహార్సల్ హాల్లో ఉన్నాను. ఫోన్‌ని ఆ పెట్టె ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా ఎడమ చేతి బద్ధకాన్ని మైకాయన ఆ పెట్టెలో ఎప్పుడో సరిచేసేశాడు. ఇది నువ్వు కాదే అని నీ నోట ఒక్క మాట వస్తే చాలు, ఆ పూటే సామాను సర్దుకుందామని కూర్చున్నాను. నీ తప్పేమీ లేదు. నువ్వు నా చేతిని ఎంత ప్రేమగా మెచ్చుకున్నావో నేను మర్చిపోలేను. నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేపు వాళ్ళకి సరే అని చెప్పేస్తాను. కొత్త మూత పంపొద్దు.