ఉప్పునీటి తూముకు అడ్డంగా

కృష్ణా జిల్లా పల్లెపాలెంలో కాపురముంటూ, సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పుకు బతికిన పెనుమాల గిద్యోను అనే నేను, నా తెలివి నా దగ్గరుండగా, ఒకరు బెదిరించకుండా, ఒకరు బుజ్జగించకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు పాడయ్యాయని బెజవాడ డాక్టరుగారన్నారు. బుర్ర పాడయిందని మాత్రం నా కొడుకు జాన్‌బాబు అంటున్నాడు. దాన్ని కోర్టువారు లెక్కచేయవద్దు.

1. దీన్ని అమలు జరిపే అధికారం హనుమయ్యగారిది. ఆయన రామభక్తుడు. ముప్పయ్యేళ్ళుగా అరుగు మీద నాతో వాదిస్తున్నాడు, ఒక్కనాడూ ఒప్పుకోలేదు. అలాంటివాణ్ణి నా కొడుకు లొంగదీయలేడు.

2. నా కంజిర, నా గొడుగు మేనల్లుడు ఏసుపాదం కూతురు సింధూరికి. రొయ్యలు చచ్చి తేలిన రోజు దాని తండ్రి చెరువు గట్టు మీదే పురుగుల మందు తాగాడు. అప్పట్నుంచి ఆ పిల్ల ప్రార్థనలో నోరు విప్పదు. పాడమని ఎవరూ దాన్ని సతాయించవద్దు. వాయిస్తే చాలు.

3. ఇదంతా ఎందుకు జరిగిందో పిల్లలకు తెలియాలి. ఐగుప్తు రాజుకు బలిసిన ఆవుల తర్వాత బక్క ఆవులు కలలో కనిపించాయి, గాదెలు నింపుకున్నాడు. మనకు బలిసిన ఏళ్ళొస్తే గాదెలు పడగొట్టి చెరువులు తవ్వాం. బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి కారులో వచ్చిన కంపెనీ ఏజెంటు, "అయ్యగారూ, వరి వేసి ఎవడు బాగుపడ్డాడండీ? రొయ్య వేయండి" అన్నాడు. రొయ్యపిల్ల వాడిదే, మేత వాడిదే, ధర వాడిదే. ఐసు ఫ్యాక్టరీ, రొయ్య తలలు తీసే షెడ్డు, హోటళ్ళు, అన్నీ ఒక్క రొయ్య వీపు మీద నిలబడ్డాయి.

అందరం నీళ్ళు తోడుకునేది ఉప్పుకాలవలోంచే, మురుగు వదిలేదీ అందులోకే. ఎగువన తెల్లమచ్చ తెగులు తగిలితే, బయటపడితే ధర పోతుందని గప్‌చుప్‌గా తూములెత్తి ఆ నీళ్ళు కాలవలోకి వదిలారు. దిగువంతా చచ్చింది. ఏజెంటు ఫోనెత్తలేదు. షెడ్డు ఆడవాళ్ళు ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో లారీల వెంట జామకాయలమ్ముతున్నారు. మగవాళ్ళు కూలికి ఎవరైనా పిలుస్తారేమోనని బెజవాడ రోడ్ల మీద నిలబడుతున్నారు. రోగం దేవుడు పంపాడనేవాడి నోరు మూయించండి. తూములెత్తింది మన చేతులు.

4. అసలు సంగతి. నేను ఏలూరు వైపు సువార్తకు వెళ్ళి ఉండగా నా ఎకరంన్నర జాన్‌బాబు చెరువు చేశాడు. ఆ ఉప్పు భూమిలోకి దిగి, పక్కనున్న మణెమ్మక్క చేనూ, బావీ చెడ్డాయి. ఆవిడ నన్ను దారిలో నిలేసి, "ఏం తమ్ముడూ, ఆకాశాన్నించి అగ్గి దించమని అరుస్తా ఉంటావు గదా, ముందు మా బావిలోకి రెండు బిందెల మంచినీళ్ళు దించమను" అంది.

ఇప్పుడు కొత్త కంపెనీ వచ్చింది. జాన్‌బాబు మళ్ళీ ఉప్పునీరు పెడతానంటున్నాడు. కాబట్టి, గట్లు కొట్టి, పంటకాలవ నీళ్ళతో ఉప్పు కడిగి వరి నాటితే భూమి జాన్‌బాబుది. ఒక్క బిందె ఉప్పునీరు పెట్టినా ఆ క్షణాన మణెమ్మది. ఒరేయ్ జానూ, ఒక పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడి కథ చిన్నప్పుడు చెబితే నవ్వావు. ఇప్పుడు నవ్వు.

5. నన్ను సమాధుల దొడ్డికి తీసుకెళ్ళవద్దు. చెరువుకు ఉప్పుకాలవ వైపున్న తూము పలకలు పీకి, ఆ గండిలో నన్ను పెట్టి మట్టి కొట్టండి. రాయి వద్దు, పేరు వద్దు. మళ్ళీ ఉప్పునీరు కావాలన్నవాడు ముందు నన్ను తవ్వి తీయాలి.

6. పాకలో ఉన్న పార జాన్‌బాబుకు.

2001 మార్చి 11, ఆదివారం, ఆరాధన అయ్యాక.

(సంతకం) పెనుమాల గిద్యోను

సాక్షులు:
సీతారావమ్మ, రిటైరైన టీచరు
కాశీరావు, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్