అగ్గిపెట్టె ఎవరికి చెందాలంటే

ముప్ఫై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా పనిచేసి, ప్రస్తుతం డెబ్బై ఒకటో ఏట ఉన్న నేను, నా ఇష్టప్రకారం నా చేత్తోనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని మొన్న సోమవారం డాక్టరు కాగితం రాసిచ్చాడు. మోకాళ్ల గురించి అలాంటి కాగితం ఇవ్వలేనన్నాడు. దీన్ని రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాయొద్దని మాత్రం ఇద్దరు బతిమాలారు, ఒకరు బెదిరించారు.

1. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివరి మెకానిక్కుకు అప్పగిస్తున్నాను. చదువుకున్న బంధువులుండగా మెకానిక్కేమిటని మూతి విరిచేవారికి నా జవాబు: ఇరవయ్యారేళ్లలో అతను నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు, బాగున్న భాగాన్ని పాడైందని మార్చలేదు.

2. ఇల్లు, అందులోని సమస్త సామానుతో సహా, సర్వహక్కులతో మా ఆయనకు చెందాలి. ఆయన డ్రైవింగు నేర్చుకోలేదు. ఇన్నేళ్లూ నా పక్క సీటులో కూర్చుని, కుడికి తిరగాల్సిన ప్రతిచోటా ఎడమకు చెయ్యి చూపించాడు. ఆయన మాట విని ఒకసారి ఇటుకబట్టీలోకి పోయాం. అయినా నేను ఏ వేళకు బయల్దేరినా "నేనూ వస్తా" అన్న మనిషి ఆయనొక్కడే.

3. ఈనలేక అవస్థపడే ఆవులకు వాడే తాళ్లు, కొక్కేలు నా తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయికి. మొదటి రోజే ఆమెను "మగ డాక్టరు లేడామ్మా?" అని అడిగారట. నన్నూ అడిగారు. తాళ్లు గట్టివి, భయపడొద్దని చెప్పండి.

4. ఇక నా కారు. తెల్లగా కొన్నాను, ఇప్పుడు చిలికిన మజ్జిగ రంగు. వెనక సీటు అంచున మేకపోతు పంటి గాట్లున్నాయి. డ్రైవరు వైపు తలుపును కాస్త పైకెత్తి వేయాలి. రెండో గేరును బతిమాలాలి తప్ప బలవంతపెట్టకూడదు. ఇంజను విప్పింది ఒక్కసారి. దారిలో నన్ను వదిలేసింది సున్నా సార్లు. ఈ లోపల మా మరిది ఏడు కార్లు మార్చాడు. నా కారుకు అగ్గిపెట్టె అని పేరు పెట్టింది అతనే. అతని గృహప్రవేశానికి వెళితే, "వదినా, ఏమీ అనుకోకు, దాన్ని ఆ వెనక సందులో పెట్టు, పెద్దవాళ్లొస్తున్నారు" అన్నాడు. పెట్టలేదు. గేటు ఎదురుగానే పెట్టాను.

ఈ కారును మా మరిది కూతురికి, ఆమె ఒక్కదానికే, పూర్ణహక్కులతో దఖలుపరుస్తున్నాను. కారణం కింద రాస్తున్నాను.

5. అమ్మడూ, నువ్వు పెద్దాసుపత్రిలో పుట్టావని నీకు చెప్పారు. కాదు.

ఆ రోజు పొద్దున్న కుండపోత వాన. మీ అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మీ నాన్న ఆమెను కొత్త కారులో ఎక్కించుకుని దగ్గరదారని సందులోకి తిప్పాడు. పొడుగు కారు, ఇరుకు మలుపు. గోడకూ కాలవకూ మధ్య అడ్డంగా ఇరుక్కుంది. అంబులెన్సు ఆ సందు మొదట్లోనే ఆగిపోయింది. కబురందగానే అవతలి చివర నుంచి అగ్గిపెట్టెను వెనక్కి నడుపుకుంటూ నేను లోపలికి వెళ్లాను. మీ పెదనాన్న, నేను మీ అమ్మను మోసుకొచ్చి వెనక సీటులో పడుకోబెట్టాం. మీ నాన్న రాలేదు. కారుకు గీతలు పడతాయని దానికి కాపలా ఉన్నాడు.

సగం దూరం వెళ్లేసరికి నువ్వు ఆగనన్నావు. ధాన్యం గిడ్డంగి చూరు కింద కారు ఆపాను. మీ పెదనాన్న అటు తిరిగి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నీ మెడకు బొడ్డుతాడు చుట్టుకుని ఉంది. ఒళ్లు నీలంగా ఉంది. ఏడవలేదు. మనుషులకు ఏం చేయాలో నేను చదువుకోలేదమ్మా. దూడలకు చేసినట్టే తాడు తప్పించి, ముక్కూ నోరూ తుడిచి, తువ్వాలుతో వీపు రుద్దాను. అప్పుడు ఏడ్చావు. అంత చక్కని అరుపు నేను మళ్లీ వినలేదు.

సాయంత్రం మీ నాన్న నన్ను ఆసుపత్రి వరండాలోకి పిలిచి, "పశువుల డాక్టరు చేతిలో, అగ్గిపెట్టెలో పుట్టిందంటే నలుగురిలో నా పరువేం కాను వదినా?" అన్నాడు. మీ అమ్మ మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో గొడవలొద్దక్కా" అంది. ఆమె కోసం ఇరవై రెండేళ్లు నోరు కుట్టుకున్నాను. ఇప్పుడు విప్పుతున్నాను. పోయిన వారం ఈ సంగతి రాస్తున్నానని ఆమెకు చెప్పాను. కొంగు అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చుని వెళ్లిపోయింది.

6. నా మోకాలి ఆపరేషను రోజు మా మరిది పాత ఇనుము వాడిని వెంటబెట్టుకొచ్చి, ఈ కారును తీసుకుపొమ్మన్నాడు. మెకానిక్కు వచ్చి షెడ్డు తలుపు మూసి దాని ముందే మంచం వాల్చి కూర్చున్నాడు. "ఆడపిల్లకు కారెందుకు, గుద్దేస్తుంది" అనడం కూడా మా మరిది మామూలే. భూమి కొలిచే ఉద్యోగం చేస్తున్న పిల్ల, ఊళ్లన్నీ తిరగాలి, బస్సుల కోసం ఎంతకాలం నిలబడుతుంది? నాలుగో నిబంధనపై ఎవరు తకరారు పెట్టినా అది చెల్లదు. కోర్టుకు పోతే పోనీ. ఐదో నిబంధన అక్కడ బిగ్గరగా చదువుతారు. నాకు అభ్యంతరం లేదు.

7. నా వస్తువుల్లో ఇంకేవైనా మిగిలితే పంచుకోండి. ఏడవాల్సినవాళ్లు ఏడవండి. కారు మాత్రం వారానికి రెండుసార్లయినా బయటికి తీయాలి.

పై సంగతులన్నీ నిజమని ఒప్పుకుంటూ, 2025 జూన్ పదకొండు, బుధవారం పగలు, మా ఇంటి వసారాలో సంతకం చేశాను.

(సంతకం) పశువుల డాక్టరు, రిటైర్డు

సాక్షులు:

మొదటి సాక్షి: ఎదురింటి పోస్టుమాస్టరు. రాసినావిడ నా ఎదుటే సంతకం చేసింది.

రెండో సాక్షి: ఐదో నిబంధన పూర్తిగా చదివాను. ప్రతి అక్షరం నిజం. ఎవరూ పిలవకుండా నేనే వచ్చి సంతకం పెడుతున్నాను. ఆ పిల్ల తల్లిని.