మూడు కుర్చీలు

అన్నయ్యా,

ఇది నీకు నాలుగో ఉత్తరం. మతిమరుపు ముదరకముందే నాన్న తన తరఫున సంతకాలు పెట్టే అధికారం మన ముగ్గురికీ కలిపి రాసిచ్చాడు. ఒక్కరు పెట్టకపోయినా చెల్లదు. నాన్నని నర్సులుండే హోమ్‌లో చేర్చే ఫారం నీకు పంపితే ఎర్రసిరాతో తప్పులు దిద్ది తిప్పి పంపావు. కొత్తది పంపితే, నీ పేరు కింద సంతకం పెట్టనని తమ్ముడు తిప్పి పంపాడు. ఈలోగా నాన్న బాత్‌రూమ్‌లో రెండుసార్లు జారిపడ్డాడు. నేనొక్కదాన్నే లేవదీశాను. దానికి మూడు సంతకాలు అక్కర్లేదు కదా.

నిన్న ఒళ్లు మండి, ఆ అధికారపత్రం రాసిన లాయరుగారినే నిలదీశాను, "ఒక్కరి పేరు రాస్తే మీ సొమ్మేం పోయేది?" అని.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నేనూ అదే చెప్పానమ్మా. మీ నాన్నగారు వింటేగా. 'మగపిల్లలిద్దరికీ మాటల్లేక ఆరేళ్లయింది, నా సంతకం కోసమైనా ఒకచోట కూర్చుంటారు' అన్నారు" అన్నారు.

పాపం, పోస్టాఫీసు ఒకటుందని నాన్నకి తట్టలేదు.

అందుకే ఈసారి కాగితం పంపను. తమ్ముడికీ ఇదే రాశాను. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ రండి. నాన్న మంచం పక్కన మూడు కుర్చీలు వేశాను. ఎవరు ముందు కూర్చోవాలో నాన్నే చెప్తాడు, అప్పటికి మన పేర్లు గుర్తుంటే.

నీ చెల్లెలు