జపాను పోతరాజు

కార్తీక శుద్ధ విదియ

దొర తిరిగొచ్చాడు. వెంట మిలిట్రీ. పొద్దున డప్పు — దొర గడీ నుంచి పోయిన సొమ్ము ఎవరింట్లో ఉన్నా తెచ్చి అప్పజెప్పాలట. దొర మీద తిరగబడ్డ సంఘం గడీ తలుపులు పగలగొట్టిన రోజు ఊరంతా వడ్లు మోసుకుంది. మా తమ్ముడు వెంకటి మాత్రం బొమ్మ మోసుకొచ్చాడు. బొమ్మలు చేసే ఇంట్లో పుట్టిన వెధవకు ఇంకేం కనబడుతుంది... మోకాలెత్తు జపాను సిపాయి. కర్రది, రంగులది, నడుముకు రెండు కత్తులు. పట్నంలో మ్యూజియానికి ఇస్తానని దొర అందరికీ చెప్పుకున్న బొమ్మ. ఇప్పుడు మా అటక మీద, గడ్డి కింద.

పంచమి

పక్కింటి సాయిలు గడీ గంగాళం తిరిగిచ్చాడు. ఇచ్చినవాణ్ణే మిలిట్రీ క్యాంపుకు పట్టుకుపోయారు. భార్య అన్నం తీసుకుపోతే గేటు దగ్గరే తిప్పి పంపారు. "ఆడ లేడంటున్నరన్నా... మరి ఏడున్నట్టు?"

వెంకటి నర్సింహులపేట దిక్కు పోయి దాక్కున్నాడు. బొమ్మ దొరికితే గడీలో దూరినవాళ్ళలో వాడూ ఉన్నాడని తేలిపోతుంది. ఆపైన సాయిలు గతే.

సప్తమి

నా భార్య బాలమ్మ: "పొయ్యిల పెట్టు. పీడ పోతది." గొడ్డలి తీశాను. అంగీ అంచున పూలు... ఒక్క వెంట్రుకతో గీసినట్టు. ఎవడో మనలాంటివాడే, నడుము పట్టేసేదాకా కూర్చుని గీసి ఉంటాడు. గొడ్డలి పక్కన పెట్టాను. బాలమ్మ తిట్టింది. తిట్టనీ.

దీన్ని పోతరాజును చేస్తాను. దేవుడైతే ఎవడూ ముట్టుకోడు.

అష్టమి

చింతగింజల గంజి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. నెత్తిన ముడి కప్పేశాను. కత్తులు విరిచాను. చేతిలో కొరడా. ఒళ్ళంతా పసుపు రంగు.

దశమి

కళ్ళు మిగిలాయి. మా పనిలో కళ్ళు చివర — పరదా కట్టి, కోడిని కోసి, అప్పుడు కళ్ళు రాసి తెరుస్తాం. ఒకడు తెరిచిన కళ్ళ మీద ఇంకొకడు రంగు వేయకూడదు. కళ్ళు పొడిచినట్టేనని నాయిన చేతి మీద కొట్టి మరీ చెప్పాడు. వీడి కళ్ళు ఎవడో ఏనాడో తెరిచాడు. సన్నటి కళ్ళు. మీసం పెద్దది పెట్టి వదిలేశాను.

ద్వాదశి

ఎల్లమ్మ తల్లి గుడిసె ముందు నిలబెట్టాం. ఊరి ముసలి మల్లవ్వ వాడికి బొట్టు పెడుతూ, "గీ పోతరాజు గిట్ల నిద్రమొఖం పెట్టిండేందిరా?"

"కల్లు తాగిండవ్వా" అన్నాను. నవ్వింది.

పౌర్ణమి

దొర ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చాడు. పోతరాజు ముందు ఆగాడు. వంగి చూశాడు.

"ఎవలు చేసిండ్రు?"

"నేనే దొరా."

"కండ్లు గూడ నువ్వే రాసినవా?"

"...నేనే."

దొరకు కోపం రాలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఊరంతా చూస్తుండగా దేవుణ్ణి తను ముట్టుకోడు కదా — నేనే తేవాలట. "రేపు గడీకి పట్కరా. రంగు గీకే కత్తి గూడ పట్కరా. నీ తమ్మున్ని తోల్కరా."

బహుళ పాడ్యమి

తెల్లారగానే పోతరాజును ఇంటికి తెచ్చాను. బాలమ్మ నల్లరంగు నూరి పెట్టింది. "గిప్పుడన్న పెద్ద కండ్లు రాయి. కోడిని కోద్దం. కండ్లు తెరిస్తే దేవుడైతడు. దేవుణ్ణి గీకుమని దొర గూడ అనడు."

నిజమే. చాలా నిజం. తమ్ముడి ప్రాణం కంటే ఎక్కువా నాయిన మాట? కుంచె ముంచాను. ఆ సన్నకళ్ళవాడు నన్నే చూస్తున్నాడు. చెయ్యి పోవడం లేదు... రంగు ఆరిపోతోంది.

అరుగు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. బాలమ్మ ముఖం చూస్తేనే తెలిసింది, వెంకటి. ఎందుకొచ్చావురా...

"అన్నా, బొమ్మ పైలమేనా, ఏం కాలేదు గద?"